తాత ఉతుక్కున్న లుంగీ

ఫిషింగ్ హార్బర్, విశాఖపట్నం
ఏప్రిల్ 21

సూదులమ్మకి,

తాత ఎల్లాజీ రాసేది. ఉత్తరం సూసి ఎవులికో ఏటో అయిపోనాదని ఏడవకు. అందరం బాగున్నాం. మీ మామ్మ పోతమ్మ మరీ బాగుంది, ఈ పొద్దే ముగ్గురితో తగువాడింది. మీ నాన్న ఆటోనగర్ షెడ్డులో వెల్డింగు సేసుకుంటన్నాడు.

ఫోనుండగా ఉత్తరమేటి అంటావు. ఆ కాకినాడ ఆస్టల్లో నీకు ఆదివారం ఒక్క గంటే ఫోనిత్తారు. ఆ గంటా మీ మామ్మ స్పీకరెట్టి వీధి మొత్తానికి ఇనిపిత్తది. నానడిగేది వీధికి ఇనపడకూడదు. అందుకని అయిదో తరగతి దాకా సదివిన సదువు మళ్ళీ బయటికి తీసినాను. తప్పులుంటే మీ నర్సింగు టీచర్లకి సూపించకు. జవాబు ఇంటికి రాయకు. ఐసు ఫ్యాక్టరీ పక్కన కాంతం టీ కొట్టు అని రాయి. కాంతానికి సదువు రాదు, అదే మనకి మంచిది.

సంగతేటంటే, మన దుర్గారావు బావకి కింద నుంచి రక్తం పడతంది. ముప్పై ఏళ్ళు ఆడొక బోటుకి సరంగు, నానొక బోటుకి సరంగు, పక్కపక్కనే నడిపినోళ్ళం. సరంగులకి ఇది మామూలే. ఇంజిను పెట్టె మీద కూకుని పది రోజులు సుక్కాను తిప్పితే కింద నుంచి ఏడి కొట్టి మొలలొచ్చేత్తాయి. మొలలు నేనోడిని హార్బర్లో ఎవుడూ సరంగనడు. ఇప్పుడు ఏట నిషేదం కదా. రెండు నెలలు బోట్లు ఒడ్డునుంటాయి. బోట్లకి రంగులేయిత్తాం, మాకు దారాలేయించుకుంటాం. వన్ టౌన్లో దారం మాస్టారని ఉన్నాడు. మందు రాసిన దారం మొలకి బిగించి కట్టేత్తే వారానికి అదే రాలిపోద్ది. ప్రతి ఏడూ నలుగురు సరంగులు కలిసి ఒకే ఆటోలో ఎల్తారు. వచ్చేటప్పుడు నాలుగాటోలు కావాల, ఎందుకంటే ఎవుడూ కూకోడు, పడుకునే వత్తాడు.

బావకి ఒక అనుమానం వచ్చింది, నిన్నడగమన్నాడు. కడుపులో కుడేపు పైన లివరుంది కదా. అది గట్టిపడితే, కింద నుంచి పడే రక్తానికి దానితో ఏటైనా సమ్మందం ఉంటదా? మేడ మీద గోడ బీటలిత్తే కింద ఇంట్లో కుళాయి కారదు కదా. ఊరికే అడిగినాడు. బేగి రాయి.

మీ తాత


కాకినాడ
ఏప్రిల్ 27

తాతా,

నీ ఉత్తరం ముందు మా వార్డెన్ చదివింది. నాకు ఎవరో అబ్బాయి రాశాడనుకుని కవరు చించేసింది. మొలల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ మడత పెట్టి, నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఇక నుంచి నీ ఉత్తరాలు ఎవరూ విప్పరు. నిశ్చింతగా రాయి.

నువ్వు అడిగింది మా పుస్తకంలో ఉంది, పైగా ఈ నెల నన్ను వేసింది ఎండోస్కోపీ గదిలోనే. సంబంధం ఉంది. మేడ మీద గోడకీ కింద కుళాయికీ మధ్య ఒకే గొట్టం ఉంటే ఎలా ఉంటుందో అలాగ.

పేగుల నుంచి వచ్చే రక్తం తిన్నగా గుండెకి పోదు. అంతా ఒక పెద్ద సిరలో చేరి ముందు లివర్‌లోకి వెళుతుంది. మనం తిన్నదానిలో మంచీ చెడూ అక్కడ తేలాలి కాబట్టి. లివర్ మెత్తగా ఉన్నంతకాలం ఆ రక్తం స్పాంజిలోంచి నీళ్ళు పోయినట్టు పోతుంది. గట్టిపడిందంటే లోపల దారులు ఇరుకైపోతాయి. వచ్చే రక్తం మాత్రం ఆగదు కదా. దాంతో వెనక ఒత్తిడి పెరుగుతుంది. దారి దొరకని రక్తం పక్కనున్న చిన్న చిన్న సిరల్లోకి తన్నుకొస్తుంది. గొంతు కింద ఆహారం దిగే గొట్టంలో, కడుపులో, పెద్దపేగు గోడల్లో, ఆ పేగు చివర్లో కూడా. ఆ సన్నటి సిరలు అంత రక్తం కోసం పుట్టినవి కావు. ఉబ్బుతాయి. ఎప్పుడో చిట్లుతాయి.

మొన్న ఒకాయనకి వెనక నుంచి సన్నని గొట్టం, దానికి చిన్న కెమెరా, లైటు పెట్టి పెద్దపేగంతా చూశారు. బాగున్న పేగు లోపల లేత గులాబీ రంగులో మెరుస్తూ ఉంటుంది తాతా, నాళాలు ఆకు ఈనెల్లా కనిపిస్తాయి. ఈయన పేగు గోడ వాచి ఆ ఈనెలు కనపడలేదు. ఎక్కడ చూసినా ఎర్ర చుక్కలు. చివరికొచ్చేసరికి నీలంగా, మెలికలు తిరిగి, ఉబ్బిన సిరలు. ఆయన మూడేళ్ళుగా మొలలనే అనుకుంటున్నాడు.

ఇప్పుడు నా అనుమానాలు. దుర్గారావు తాత జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. ఆయన లివర్ బాగానే ఉంటుంది. లివర్ గట్టిపడిందని రెండేళ్ళ కిందట డాక్టరు చెప్పింది నీకు. మరి దుర్గారావు తాత మొలల కథలోకి లివర్ ఎక్కడి నుంచి వచ్చింది? రెండోది, నీకిచ్చిన చిన్న మాత్ర రోజూ వేసుకుంటున్నావా?

అలేఖ్య


ఫిషింగ్ హార్బర్
మే 4

వార్డెనమ్మకి నమస్కారం, సూదులమ్మకి ముద్దులు.

నీ ఉత్తరం టీ కొట్టు బల్ల మీద ఎట్టి సరంగులందరికీ సదివి ఇనిపించినాను. నీ రెండో పేజీ ఇనిపించనేదులే. లివరు కత నానింకోలాగ సెప్పినాను. మన గెడ్డ నేదా, వానాకాలం ఊరి నీళ్ళన్నీ దాన్లోంచే సముద్రంలో పడాల. గెడ్డ మూతి దగ్గర ఇసక మేటేసి, పైగా సముద్రం పోటు మీదుంటే నీళ్ళేటవుతాయి? ఎనక్కి తంతాయి. ముందు సందుల్లోకి, తరవాత మన గుమ్మంలోకి. మూతి ఎక్కడో ఉంది, తడిసింది మన మంచం కింద. లివరంటే ఆ మూతి, పెద్దపేగంటే మన మంచం కింద. కరెస్టేనా? మార్కులెన్నేత్తావు?

దుర్గారావు బావ అడిగినాడు, మరి నోట్లోంచి రావాల కదా అని. కొందరికి వత్తదిలే, గొంతు కింద గొట్టం అని రాసింది కదా మా గుంట అన్నాను. అప్పటికి నోరు మూసినాడు. నోరు మూసి టీ తాగినోడిని ఈడినే సూసినాను.

నాకింకా తెలీనివి ఉన్నాయి. వరసగా జవాబు రాయి. ఆ పక్క సిరలు పుట్టినప్పుణ్ణుంచే ఉంటాయా, రక్తమే కొత్తగా తవ్వుకుంటదా? ఆ ఎర్ర సుక్కలు ఏలితో నొక్కితే పోతాయా? కెమేరా బొమ్మ రంగుల్లోనే వత్తదా? ఎవులి పేగు ఆళ్ళు సూసుకోడానికి ఒప్పుకుంటారా? ఈ హార్బరు కాలవలో ఏ రాయి ఎక్కడుందో కళ్ళు మూసుకుని సెప్తాను. మొన్న దొరబాబుగాడు, మా బోటు కుర్ర సరంగు, బోటు రంగులేయించడానికి తీసుకెల్తూ కాలవలో ఫుల్లు స్పీడు కొట్టినాడు. ఆ అల తగిలి ఒడ్డునున్న నాలుగు బోట్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, జెట్టీ గోడ మట్టి ఊడింది. కాలవలో స్లో ఎల్లాలని పుట్టిన ప్రతోడికీ తెలుసు కదరా అని పిర్ర మీద రెండు తగిలించినాను. అంత తెలిసినోడిని, నా కడుపులో ఏ మలుపెక్కడుందో నాకే తెలీదు. సిత్రమే కదా.

బావ ఈ వారమే దారం మాస్టారి దగ్గరికి ఎల్తన్నాడు. నానూ తోడెల్తాను. ఊరికే.

మీ తాత


కాకినాడ
మే 11

తాతా,

గెడ్డకి పదికి తొమ్మిది మార్కులు. ఒక మార్కు ఎందుకు తగ్గించానో ఈ ఉత్తరం అయ్యేసరికి తెలుస్తుంది.

ముందు నీ ప్రశ్నలు. ఆ పక్కదారులు పుట్టినప్పటి నుంచీ ఉంటాయి, వెంట్రుకంత సన్నగా. ఒత్తిడి పెరిగితే అవే లావెక్కుతాయి. ఎర్ర చుక్కలు నొక్కితే పోవు, నొక్కితే కారతాయి. బొమ్మ రంగుల్లోనే వస్తుంది. మత్తు తక్కువిస్తే ఎవరి పేగు వాళ్ళు చూసుకోవచ్చు, చాలామంది కళ్ళు మూసుకుంటారు.

ఇప్పుడు ఇంటి సంగతి. ఈ రోజు మామ్మ ఫోన్ చేసింది. నాకు ఊహ తెలిశాక మొదటిసారి స్పీకరు తీసేసి గుసగుసగా మాట్లాడింది. ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఓలే అలేఖ్యా, మీ తాత లుంగీ ఆడే ఉతుక్కుంటన్నాడే. నలబై ఆరేళ్ళ కాపరంలో తిన్న కంచం తీసినోడు కాదు. నాను లెగిసేసరికి ఉతికి దండెం మీద ఆరేసేత్తన్నాడు. అడిగితే ఎండలు కదా, సెమట అంటన్నాడు. ఎవత్తి దగ్గరికో ఎల్తన్నాడే. ఆ కాంతం మీదే నా అనుమానం. రోజుకి నాలుగు సార్లు ఆ టీ కొట్టుకే ఎల్లి, ఏటైనా వచ్చిందా అని అడుగుతన్నాడంట. ఏటొత్తాది టీ కొట్టుకి, పెళ్ళి సంబందమా?"

నేను నవ్వాను. ఫోను పెట్టేసిన తర్వాత నవ్వు ఆగిపోయింది.

కాంతం దగ్గరికి నువ్వు వెళ్ళేది నా ఉత్తరాల కోసం. అది నాకు తెలుసు. మరి లుంగీ? చొక్కాకి పట్టని చెమట లుంగీకే పడుతుందా? రక్తం దుర్గారావు తాతకే కాదు, నీకూ పడుతోంది. మామ్మకి కనపడకూడదని తెల్లారకుండా లేచి నువ్వే ఉతుక్కుంటున్నావు. అవునో కాదో ఒక్క మాట రాయి.

దారం మాస్టారి దగ్గరికి మాత్రం వెళ్ళకు. దుర్గారావు తాతవి మామూలు మొలలు కావచ్చు. నీవి మొలలే అయినా, లివర్ గట్టిపడిన మనిషివి కాబట్టి అక్కడే ఆ ఉబ్బిన సిరలు కూడా ఉండొచ్చు. పై నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. సిరకి దారం కట్టి అది తెగిందంటే వెనక ఒత్తిడితో రక్తం ఆగదు. పైగా నీ రక్తం తొందరగా గడ్డకట్టదు, ఆ పని కూడా లివర్ చేతిలోనే ఉంది.

నేను అడిగిన మాత్ర సంగతి నువ్వు రాయలేదు. ఆ మార్కు అందుకే తగ్గింది.

అలేఖ్య


ఫిషింగ్ హార్బర్
మే 18

పోలీసమ్మా,

నిన్ను నర్సు సదువుకి పంపినాం, ఈ పనికి కాదు. మీ మామ్మ నన్ను అనుమానించిందంటే మాత్రం నాకు సంతోషంగానే ఉంది. అరవై ఎనిమిదేళ్ళకి కూడా ఆ యోగ్యత ఉందనుకుంటంది. కాంతానికి సెప్తే టీ గ్లాసు కింద పడేసుకుంది.

సరే. పడింది. సంకురేతిరి ఎల్లిన కాణ్ణుంచి. ముందు నెలకోసారి, ఇప్పుడు వారానికి రెండు సార్లు. నొప్పి నేదు, మంట నేదు. నల్లగా కాదు, ఎర్రగా, సుక్కలు సుక్కలుగా. ఒక రోజు మాత్రం గుప్పుమని పడింది. ఆ రోజే నీకు మొదటి ఉత్తరం రాసినాను.

ఇప్పుడు నా మాట ఇను. దుర్గారావు బావ దారం ఏయించుకొచ్చినాడు. మూడు రోజులు బోర్లా పడుకున్నాడు. నాలుగో రోజు రాలిపోనాది. నిన్న వలలు భుజానేసుకుని నా ముందే అటూ ఇటూ మూడు సార్లు నడిసినాడు, నాకు సూపించడానికి. నీ పుస్తకం ఒకటి సెప్తంది, నా కళ్ళ ముందు బావ ఒకటి సెప్తన్నాడు. నానెవుల్ని నమ్మాల? మాస్టారు నాకు ఇరవై ఏడో తారీకు మంగళారం రమ్మన్నాడు.

మాత్ర అడిగినావు. ఒగ్గేసినాను. ఆర్నెల్లయ్యింది. అదేసుకుంటే గుండె స్లో అయిపోతంది. సెయ్యి పట్టుకుని లెక్కెట్టినాను, నిమిషానికి యాబై ఎనిమిది. ఐడిలింగులో ఎట్టిన ఇంజినులాగ. లెగిసి నిలబడితే కళ్ళు తిరిగేయి. జబ్బు తగ్గించమంటే మనిషినే తగ్గిత్తన్నారేటి అనుకున్నాను.

పెద్దాసుపత్రికి నానెందుకెల్లనో కూడా సెప్పేత్తాను. నవ్వకు. ఏట తెరిసిన రోజు మా బోటుని కాలవ దాటించి సముద్రం మీదికి తీసేది పెద్ద సరంగే. తరవాత సుక్కాను కుర్రోళ్ళకి ఇచ్చేత్తాడు. అది మా బోటు కట్టుబాటు. ఇరవై రెండేళ్ళుగా ఆ సుక్కాను నాదే. యేడాదిలో నాను సరంగునయ్యేది ఇప్పుడు ఆ ఒక్క గంటే. ఆసుపత్రిలో రక్తం లేదంటారు, పడుకోమంటారు, జూను పదిహేను దాటిపోద్ది. దారమైతే వారం.

మీ నాన్నకి సెప్పకు, తాళ్ళేసి కట్టి ఆసుపత్రిలో పడేత్తాడు.

మీ తాత


కాకినాడ
మే 22

తాతా,

ఈసారి నవ్వించేదేమీ లేదు.

నాకు జూన్ అయిదు దాకా పరీక్షలు. రాలేను. నాన్నకి చెప్పను. మామ్మకి చెప్పను. చెబితే నిన్ను పట్టుకెళతారు, నువ్వు వారానికి మళ్ళీ మాత్ర మానేస్తావు. నువ్వే తెలుసుకోవాలి, నువ్వే చెప్పాలి.

దుర్గారావు తాత కాలువ వేరు, నీ కాలువ వేరు. ఆయనకి మూతి దగ్గర ఇసుక లేదు. ఆయన రక్తం దారిన అది పోతోంది, అందుకే దారం కట్టినా బతికాడు. అంతకంటే నేను చెప్పలేను.

మంగళవారం వెళ్ళాలనే ఉంటే వెళ్ళు. కానీ దారం కట్టించుకునే ముందు మాస్టారిని ఒక్క ప్రశ్న అడుగు. లివర్ గట్టిపడిన మనిషికి ఉబ్బిన సిరలెలా ఉంటాయి, మామూలు మొలలెలా ఉంటాయి, రెండింటికీ తేడా నీకెలా తెలుస్తుంది అని. ఆయన ఏం చెబుతాడో విని, తర్వాత సరంగుగా నువ్వే నిర్ణయించుకో. నువ్వు ప్రపంచంలో అందరినీ ప్రశ్నలు అడుగుతావు. నీ ఒంటి మీద చెయ్యి వేసేవాడిని కూడా అడుగు.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకో. ఆ రోజులాగే గుప్పుమని పడితేనో, నోట్లోంచి రక్తం వస్తేనో, కళ్ళు తిరిగి పడిపోతేనో, ఉత్తరం రాయకు. ఆటో ఎక్కు.

అలేఖ్య


ఫిషింగ్ హార్బర్
మే 28

అమ్మా అలేఖ్యా,

నిన్న ఎల్లినాను. ఏటయ్యిందో వరసగా సెప్తాను, మజ్జిలో తిట్టకు.

వన్ టౌన్ సందులో ఆ ఇంటి అరుగు మీద మాకు ముందు ఇద్దరున్నారు. బావ తోడొచ్చినాడు, అనుభవం ఉన్నోడినని దారంతా గొప్పలు. లోపలికి పిలిసినారు. మాస్టారు మంచోడేనమ్మా, దొంగేటీ కాదు. సేతులు కడుక్కుని దారం నూనెలో ముంచుతన్నాడు.

"మాస్టారూ, నాకు లివరు గట్టిపడిందన్నారు రెండేళ్ళ కిందట" అన్నాను.

"దానికీ దీనికీ ఏటి సమ్మందం. అది పైన, ఇది కింద."

నాను నీకు మొదట రాసిన మాటే. నా మాట ఇంకోడి నోట్లో ఇనేసరికి నవ్వొచ్చింది.

"సమ్మందముందంట. మా మనవరాలు సెప్పింది. లివరు వల్ల ఉబ్బిన సిరలుంటాయంట, మొలల్లాగే ఉంటాయంట. మీకు తేడా ఎలాగ తెలుత్తది?"

"పాతికేళ్ళుగా కడతన్నాను బాబూ. అన్నీ ఒకటే. బోర్లా పడుకోండి."

అన్నీ ఒకటే. ఆ ఒక్క మాట దగ్గర నా కాలు ఆగిపోనాది. నా దగ్గర పని నేర్సుకోడానికి వచ్చిన ఏ కుర్రోడైనా కాలవలన్నీ ఒకటే అన్నాడంటే ఆడిని మళ్ళీ సుక్కాను దగ్గరికి రానియ్యలేదు. తెలీదు అంటే నేర్పినాను. ఈయన తెలీదు అనుంటే పడుకునేవోణ్ణేమో. లుంగీ సరిసేసుకుని బయటికొచ్చేసినాను. బావ ఎనకాలే పరిగెత్తుకొచ్చినాడు. "ఏటి బావా, బయపడ్డావా" అన్నాడు. "అవును" అన్నాను. ఆడు తెల్లబోయినాడు. నా నోట్లోంచి ఆ మాట ఎప్పుడూ ఇననేదు కదా.

ఇంటికెల్లి మీ మామ్మకి సెప్పేసినాను. పొయ్యి దగ్గర కూకుని సేపలు తోముతంది. రక్తం సంగతి, లుంగీ సంగతి, కాంతం కొట్టుకి వచ్చే ఉత్తరాల సంగతి అన్నీ. సేపల సెయ్యి అలాగే ఉంచి ఇన్నాది. ముందు "అయితే కాంతం కాదా" అంది. కాదన్నాను. ఊపిరి ఒదిలింది. తరవాత ఆ సేపల సేత్తోనే ఈపు మీద ఒకటిచ్చింది. తరవాత కొంగు నోటికి అడ్డెట్టుకుని గోడేపు తిరిగిపోయింది. ఈపు మీద పొలుసులు సాయంత్రం దాకా ఉన్నాయి.

ఈ పొద్దున్న ఇద్దరం పెద్దాసుపత్రికి ఎల్లినాం. సూర్యకళ అని డాక్టరమ్మ, నీ కంటే పదేళ్ళు పెద్దదుంటాది. రక్తం తీసినారు. ఒంట్లో రక్తం తొమ్మిది పాయింట్లకి తగ్గిపోనాదంట. మాత్ర మానేసినానని సెప్తే తిట్టనేదు. ఎందుకు మానేసినావని అడిగి, గుండె లెక్కెట్టి, సగం మాత్రతో మళ్ళీ మొదలెట్టమంది. కళ్ళు తిరిగితే మానొద్దు, నాకు సెప్పు, నాను తగ్గిత్తాను అంది. జూను మూడున కెమేరా. టీవీ నాకు కనపడేలాగ ఎట్టమని ముందే మాట తీసుకున్నాను.

మీ తాత


కాకినాడ
మే 31

తాతా,

ఎనిమిది మార్కులు ఒకేసారి కలిపాను. పదిహేడయ్యాయి. ఇలాంటి లెక్క మా కాలేజీలో ఒప్పుకోరు.

మూడో తారీకు కోసం. ముందు రోజు చారన్నం కూడా వద్దు, నీళ్ళలాంటివే. సాయంత్రం ఇచ్చే మందు నీళ్ళు ఉప్పగా, జిగురుగా ఉంటాయి. సముద్రం నీళ్ళు మింగినవాడివి, నీకో లెక్క కాదు. ఒక్క గుక్కలో తాగకు, మెల్లగా తాగు. ఆ తర్వాత గది దాటి ఎక్కడికీ పోకు. టీ కొట్టుకి అసలు పోకు.

ఒళ్ళు నొప్పులకి మీ సరంగులంతా వేసుకునే బిళ్ళలు నువ్వు ఒక్కటి కూడా వేసుకోకు. అవి పేగు గోడని ఇంకా కారేలా చేస్తాయి. సారా గురించి నేను చెప్పక్కర్లేదు, నువ్వు మానేసి ఎనిమిదేళ్ళయ్యింది.

లోపల ఏం చూశావో నాకు రాయి. నేను ఇతరుల పేగులే చూశాను. మన ఇంటిది ఎలా ఉంటుందో నాకూ తెలుసుకోవాలని ఉంది.

అలేఖ్య


ఫిషింగ్ హార్బర్
జూన్ 20

సూదులమ్మకి,

పరీక్షలు బాగా రాసినావని మీ మామ్మ స్పీకర్లో ఇనిపించింది. వీధంతా సంతోషించింది.

ముందు ఆ మందు నీళ్ళ సంగతి. బోటు అడుగున సేపలేసే ఐస్ గది ఉంటది కదా, నిషేదంలో దాన్లోకి దిగి నీళ్ళు కొట్టి తోముతాం. నన్నలాగ తోమేసినాయి. పదమూడు సార్లు. తలుపు బయట మీ మామ్మ కూకుని ఒకటి, రెండు అని లెక్కెడతంది. పదో దానికి "ఇంకేటుందిరా నీలో" అంది.

ఇక కెమేరా. మత్తు కొంచెమే ఇచ్చినారు. పక్కకి తిప్పి పడుకోబెట్టినారు. ఎనక నుంచి ఎల్తంటే మొదట ఎవులికైనా సిగ్గుంటది, టీవీ ఎలిగేసరికి మర్సిపోనాను. అమ్మా, ఎంత బాగుందో. లోపలంతా ఎలుగు. గుండ్రంగా, మడతలు మడతలుగా, తడి తడిగా. మూల తిరిగిన కాణ్ణుంచి గోడ మీద ఎర్ర సుక్కలు, నువ్వు రాసినట్టే. కొన్ని సోట్ల సాలీడు గూడులాగ అల్లుకుని ఉన్నాయి. మొదట్లోనే, గొట్టం దూరిన కాడ, నీలం సిరలు, తడిసిన తాడు సుట్టలాగ. "అవేనా?" అన్నాను. "అవే తాతా. దారం కట్టుంటే ఇవే తెగేవి" అంది డాక్టరమ్మ. నాను సూత్తానే ఉన్నాను. ఒక సుక్క కాడ గొట్టం తగిలి సన్నగా కారింది, మల్లీ ఆగింది. ఇంత సిన్న సుక్కేనా నన్ను తెల్లారగట్ట లేపి లుంగీ ఉతికించింది అనుకున్నాను.

బయటికొచ్చాక ఆవిడ సెప్పింది. ఇవి మొలలు కాదు, లివరు ఒత్తిడి వల్ల పెద్దపేగుకొచ్చినవి. పూర్తిగా పోవు. ఒత్తిడి తగ్గిత్తే కారడం తగ్గుద్ది. దానికే ఆ మాత్ర. రక్తానికి ఇంకో బిళ్ళ ఇచ్చింది, ఒకవేళ ఎక్కువ కారితే సెయ్యడానికి ఏరే పద్ధతులున్నాయంది. గొంతేపు కూడా ఇంకో రోజు సూత్తారంట. ఆ టీవీ కూడా అడిగి ఉంచినాను.

"మాత్ర ఏసుకుంటే గుండె స్లో అయిపోతంది కదమ్మా, మంచిదేనా" అని అడిగినాను. "స్లో అవ్వాలనే తాతా ఇచ్చేది. గుండె నెమ్మదిస్తే ఆ సిరల మీద తోపు తగ్గుతుంది" అంది.

ఆ మాట ఇన్నాక ఆటోలో ఇంటికొత్తంటే నాకు దొరబాబుగాడు గుర్తొచ్చినాడు. నాకు దొరబాబుగాడు గుర్తొచ్చినాడు. కాలవలో ఫుల్లు స్పీడు కొడితే ఎనకొచ్చే అల ఒడ్డుని కొరికేత్తది, అందుకే స్లో ఎల్లాలని ఆడి పిర్ర వాయించింది నానే. ఒడ్డు బలహీనంగా ఉన్న కాలవలో ఇంజిను ఐడిలింగులోనే నడపాల. ముప్పై ఏళ్ళు అలాగే నడిపినాను. నా ఒంట్లో కాలవకి మాత్రం ఆర్నెల్లు ఫుల్లు త్రాటిలు ఇచ్చి, ఇంజిను పాడయ్యిందని డాక్టర్లని తిట్టినాను. దొరబాబుకి రెండు తగిలించినాను, నాకు ఎన్ని తగిలించాలో నువ్వే సెప్పు.

జూను పదిహేను. నీకు తెలియాలని ఉంటది. డాక్టరమ్మ రక్తం పది దాటితే గాని సుక్కాను పట్టొద్దంది. దాటనేదు, తొమ్మిదిన్నర దగ్గర ఆగింది. మా బోటు ఓనరు కృష్ణంరాజు గారు "పెద్ద సరంగు నేకుండా ఎలాగ" అన్నారు. నాను దొరబాబుని పిలిసినాను. ఆడు భయంతో వచ్చినాడు, మల్లీ కొడతాననుకున్నాడు. సుక్కాను ఆడికిచ్చినాను. బోటుకి పసుపు రాసి, కొబ్బరికాయ నానే కొట్టినాను. నాను జెట్టీ మీదే నిలబడిపోనాను. బోటు కదిలింది. దొరబాబుగాడు కాలవ పొడుగునా ఎంత స్లోగా తీసినాడంటే, ఒడ్డునున్న బోట్లు ఒక్కటి కదలనేదు. ఎనక్కి తిరిగి నన్నే సూత్తన్నాడు. సెయ్యి ఎత్తి ఎల్లమన్నాను. సముద్రంలో పడ్డాక వదిలినాడు త్రాటిలు. బాదగానే ఉంది, అబద్దం ఆడను. పక్కన దుర్గారావు బావ కూడా నిలబడే ఉన్నాడు. ఆడికి ఇంకా కూకోడానికి కుదరట్లేదు, అదొకటి నాకు తృప్తి.

బావ ఇప్పుడు ఊరంతా నా పేగు కత సెప్తన్నాడు. నిన్న ఇద్దరు సరంగులు వచ్చి, ఎప్పుడో లివరు గట్టిపడిందన్నారు, మాకూ కింద పడతంది, అది కూడా మొలలు కాదా అని అడిగినారు. నాకేటి తెలుసు, ఆవిడ్నడగండని సూర్యకళమ్మ దగ్గరికి తీసుకెల్తన్నాను. ఆటోలో ముగ్గురం, వచ్చేటప్పుడు కూడా కూకునే వత్తాం.

ఉత్తరాలు ఇక ఇంటికే రాయి. కాంతం కొట్టుకి ఎల్లనివ్వట్లేదు మీ మామ్మ, కారణం అడిగితే, ఉత్తరాలు ఇంటికొచ్చేటప్పుడు అక్కడ నీకేటి పని అంటంది.

లుంగీ నానుతకడం నేదు. మీ మామ్మ లాగేసుకుంది. పొద్దున్నే పెరట్లో ఎండకి ఎత్తి, ముందేపూ ఎనకేపూ సూత్తది. ఆరేసి లోపలికొచ్చి టీ గ్లాసు నా ముందు ఎడితే ఆ రోజు శుబ్రం. టీ ఎట్టకుండా చెప్పులేసుకుంటే ఆసుపత్రికి పద అని. ఈ మజ్జ ఒకసారి చెప్పులేసుకుంది. ఆ తరవాత పదకొండు రోజులై టీయే వత్తంది.

ఈ రోజుది కొంచెం ఏడిగా ఉంది. ఆరనిచ్చి తాగుతన్నాను, స్లోగా.

మీ తాత